ముప్పైకి ఇరవయ్యారు

సోమవారం పదకొండు గంటలకు కుంతల ఫారాల కట్ట చంకలో పెట్టుకుని మగవాళ్ళ సర్జరీ వార్డులోకి వచ్చేసరికి, పద్నాలుగో మంచం మీద ఇద్దరు ముసలివాళ్ళు బాసింపట్టు వేసుకుని ఒకే గిన్నెలోంచి మరమరాలు తింటున్నారు. ఇద్దరికీ నూనె పెట్టి వెనక్కి దువ్విన పొడుగు జుట్టు, ఇద్దరి మెడల్లోనూ తులసిపూసలు, ఇద్దరివీ తాంబూలంతో ఎర్రబారిన పళ్ళు. రోగి ఎవరో, తోడొచ్చిన మనిషి ఎవరో చూపుకి తేలలేదు.

"మీలో కృపాసింధు గౌడ ఎవరండీ?"

"కోతకొచ్చింది ఆయన, కూతకొచ్చింది నేను," అన్నాడు కాస్త బక్కగా ఉన్నాయన. "నా పేరు లోకనాథ్ నాహక్. ఆయన పాడితే ఎనకాల వంత పాడేవోణ్ణి."

కుంతల ఫక్కుమంది. పెళ్ళయి మూడు నెలలైంది ఆమెకి. ఈమధ్య నవ్వు రావడానికి పెద్ద కారణం అక్కర్లేకపోతోంది. పొద్దున గేటు దగ్గర స్కూటర్ ఆపి, హెల్మెట్ తీయకుండానే మొగుడు అనాది చేసిన సైగ తలుచుకుని మెట్లెక్కుతూ నవ్వుకుంది. డ్యూటీలో గాజులు కూడదంటారని పెళ్ళినాటి ఎర్రగాజుల్ని మోచేతి దాకా నెట్టి ప్లాస్టరు అంటించుకుంది. చెయ్యి ఎత్తినప్పుడల్లా అవి గౌను చేతి లోపల చిన్నగా కదులుతాయి. అదీ ఒక సంతోషమే.

"దాసకాఠియా వాళ్ళా మీరు?" అంది స్టూలు లాక్కుంటూ. "మా అమ్మమ్మగారి ఊరికి ఏటా వచ్చేవారు. ఇద్దరే మనుషులు, చేతుల్లో చెక్క చిడతలు. ఊరు ఊరంతా మేలుకుని కూర్చునేది."

"ఏ ఊరు తల్లీ?"

"పొలసరా పక్కన."

"అక్కడ పాడినాం. ముప్పయ్యేళ్ళ కిందట," అన్నాడు లోకనాథ్. "ఆ ఊరి దోమలు బాగా గుర్తు. మా పాటకంటే బాగా పాడినాయి."

గోపాల్‌పూర్ రోడ్డులోని ఆ ట్రస్టు ఆసుపత్రిలో మత్తు విభాగానికి పెద్ద పాణిగ్రాహి సార్. అరవై దాటినవాళ్ళకి ఆపరేషన్లో మత్తు గాలి పట్టించడం మేలా, నరంలోకి మందు ఎక్కించడం మేలా, ఏ పద్ధతిలో నిద్రలేచిన మనిషి బుర్ర త్వరగా తేరుకుంటుంది అన్నది ఆయన రెండేళ్ళుగా చేయిస్తున్న పరిశోధన. దానికి కుంతల నర్సు. ఆపరేషన్‌కి ముందురోజు ఒకసారి, తర్వాత మూడోరోజు ఒకసారి అవే ప్రశ్నలు అడిగి ముప్పైకి మార్కులు వేయడం ఆమె పని. కృపాసింధు నలభై ఒకటో మనిషి. పిత్తాశయంలో రాళ్ళు. మర్నాడు పొద్దున్నే మొదటి కేసు.

"అజా," అంది, తాతగారిని పిలిచినట్టు. "కొన్ని ప్రశ్నలు అడుగుతాను. చిన్నపిల్లల్ని అడిగినట్టు అడుగుతోందేమిటి అని కోప్పడకూడదు."

"కోపం ఎందుకమ్మా," అన్నాడు కృపాసింధు. గొంతు లోతుగా, వెచ్చగా ఉంది. మాట్లాడితేనే పాట మొదలవుతుందేమో అనిపించే గొంతు.

"ఇది ఏ నెల?"

కృపాసింధు చిరునవ్వు నవ్వాడు. లోకనాథ్ రెండు వేళ్ళు మోకాలి మీద తాళంలా తట్టి, పెదవుల మధ్యనే "ఫా..." అన్నాడు.

"ఫాల్గుణం!" అన్నాడు కృపాసింధు, పందెం గెలిచినట్టు.

కుంతల రాసుకుంది. తర్వాత ఐదు మాటలు చెప్పింది, కాసేపాగి మళ్ళీ అడుగుతానంది. పడవ, గొడుగు, మామిడి, తాళంచెవి, నీలం. మధ్యలో వందలోంచి ఏడు తీయమంది, గడియారం బొమ్మ గీయమంది. బొమ్మ గీస్తుంటే లోకనాథ్ పక్కనుంచి, "పన్నెండు పైనెట్టన్నా, పట్టాభిషేకం సేసినట్టు," అన్నాడు. ఐదు మాటలూ మళ్ళీ అడిగితే కృపాసింధు మొదటిది తనే చెప్పాడు. తర్వాత ఆగాడు. లోకనాథ్ "గొ..." అనేసరికి అందుకున్నాడు. "మా..." అంటే మామిడి అన్నాడు. నాలుగోదానికి వచ్చేసరికి రాగం ఎత్తుకున్నాడు. పడవ మీద పోతూ గొడుగు పట్టిందంట, మామిడి కింద తాళంచెవి పోయిందంట అంటూ అక్కడికక్కడ చరణం కట్టాడు. లోకనాథ్ వెనకాల వంత అందుకున్నాడు. పదిహేనో మంచం మీది హెర్నియా ఆయన కుట్లు పట్టుకుని మరీ నవ్వాడు.

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పుట్టినవాళ్ళకి అది విచిత్రంగా తోచదు. పెద్దాయన చరణం చివర ఆగుతాడు, వంతవాడు తర్వాతి మాట మొదటి అక్షరం విసురుతాడు, పెద్దాయన దాన్ని పట్టుకుని ఎగురుతాడు. అందించడం అంటారు దాన్ని. అందించకపోతే అది పాటే కాదు. చాప మీద అమ్మమ్మ ఒళ్ళో పడుకుని కుంతల చిన్నప్పుడు విన్నదీ అదే. వింటూ నవ్వుతూ మార్కులు కూడింది. ఇరవయ్యారు. ఆ నెలలో వచ్చినవాటన్నిటికంటే ఎక్కువ.

ఫారం అడుగున ఒక ప్రశ్న ఉంది. పరీక్ష జరిగినప్పుడు రోగి ఒంటరిగా ఉన్నారా? నలభైసార్లు పెట్టినట్టే 'అవును' పక్కన టిక్కు పెట్టింది. టిక్కు పెట్టకముందే ఫోను జేబులో కదిలింది. గేటు దగ్గర వేడి వేడి బరా వడల పొట్లంతో ఉన్నానని, ఐదు నిమిషాల్లో రాకపోతే తనే తినేస్తానని అనాది బెదిరింపు.

ఆమె లేస్తుండగా డాక్టర్ బిభూతి దాకువా వచ్చాడు. మత్తు విభాగంలో రెండో ఏడు చదువుతున్నాడు. మనిషి పొడుగు, భుజాలు మాత్రం ఎప్పుడూ ఎవరికో దారి ఇస్తున్నట్టు లోపలికి ముడుచుకుని ఉంటాయి. కృపాసింధు నోరు తెరిపించి టార్చి వేసి చూశాడు, మెడ అటూ ఇటూ తిప్పించాడు, ఊడే పళ్ళు ఉన్నాయేమో వేలితో తాకి చూశాడు.

"రేపు మిమ్మల్ని నిద్రపుచ్చేది నేనే అజా."

"దానికి మందెందుకు బాబూ?" అన్నాడు లోకనాథ్. "మా సర్పంచిని తెచ్చి మాట్లాడించండి. పొట్ట కోసినా తెలీదు."

బిభూతి నవ్వి, కృపాసింధు చెయ్యి పట్టుకుని మణికట్టు దగ్గర నరం కోసం నెమ్మదిగా నిమిరాడు. "ఈ గొంతులోకి గొట్టం వేయాలి. జాగ్రత్తగా వేస్తాను. పాటకి ఏమీ కాదు," అన్నాడు.

మంగళవారం, ఎవరికి ఏ పద్ధతో తేల్చడానికి తీసే చీటీల్లో కృపాసింధు పేరు మీద మత్తు గాలి అని వచ్చింది. కుంతల థియేటర్లో ఒక మూల నిలబడి సమయాలు రాసుకుంటోంది. గొట్టం మొదటిసారే, ఎక్కడా ఒరుసుకోకుండా దిగింది. సర్జన్ కెమెరా దించడానికి పొట్టని గాలితో ఉబ్బించాడు. రెండు నిమిషాలకి మానిటర్ కూత మారింది. బీపీ నూట పది నుంచి తొంభైకి, తొంభై నుంచి డెబ్భై ఎనిమిదికి జారింది.

"సార్, పొట్టలో గాలి కొంచెం తగ్గించండి."

"ఇప్పుడేగా మొదలెట్టాను," అన్నాడు సర్జన్, కానీ తగ్గించాడు.

బిభూతి మందు ఎక్కించాడు, సెలైన్ సంచిని రెండు చేతులా పిండాడు, బల్లని తలవైపు వంచాడు. ఎడమచెయ్యి మాత్రం ముసలాయన నుదుటి మీదే ఉంచాడు. అక్కడ చెయ్యి ఉంచడం వల్ల ఒరిగేదేమీ లేదని అతనికీ తెలుసు. ఆరు నిమిషాలకి అంకె మళ్ళీ వందకి చేరింది. పాణిగ్రాహి సార్ పక్క థియేటర్లో ఉన్నాడు. ఆరు నిమిషాలూ, అన్ని అంకెలూ బిభూతి చార్టులో ఉన్నవున్నట్టు రాశాడు. అలాంటి చోట గీతని కాస్త సాపు చేసి గీసేవాళ్ళని కుంతల చూసింది. ఇతను చేయలేదు.

శుక్రవారం మూడోరోజు. లోకనాథ్ బట్టలు మార్చుకు రావడానికి ఊరు వెళ్ళాడు. కృపాసింధు కొడుకు సుకాంత, బస్సు కండక్టరు, సెలవు పెట్టి వచ్చి తండ్రి దగ్గర ఉన్నాడు. కుంతల అతన్ని బయట కూర్చోమని తెర లాగింది.

"ఇది ఏ నెల అజా?"

కృపాసింధు చిరునవ్వు నవ్వాడు. తర్వాత తల తిప్పి మంచం పక్కన ఎవరూ లేని చోటుకేసి చూశాడు. చూసి, మళ్ళీ ఆమెకేసి చూశాడు. అదే నవ్వు, కానీ కింద ఆధారం తీసేసినట్టు వేలాడుతోంది.

"మీరెక్కడున్నారో చెప్పండి."

"ఇక్కడే ఉన్నానమ్మా."

గడియారం బొమ్మలో అంకెలన్నీ ఒకే మూలకి చేరాయి. ఐదు మాటల్లో ఒక్కటి వచ్చింది. కుంతల రెండుసార్లు కూడింది. రెండుసార్లూ పదకొండే.

మధ్యాహ్నానికి ఆ అంకె విభాగమంతా తిరిగింది. ఇరవయ్యారు నుంచి పదకొండు. పాణిగ్రాహి సార్ చార్టు తెప్పించుకుని ఆరు నిమిషాల దగ్గర వేలు పెట్టాడు.

"ఇదేమిటి?"

"పొట్ట ఉబ్బించగానే పడింది సార్. మందు ఇచ్చాను."

"నన్నెందుకు పిలవలేదు?"

 పిలిచే వ్యవధి లేదని బిభూతి చెప్పొచ్చు, అది నిజం కూడా. అతని కళ్ళు ఆ రెండు అంకెల మీదే ఉన్నాయి.

"కమిటీకి రాయాలి. తేలేదాకా థియేటర్లోకి రావద్దు," అన్నాడు పాణిగ్రాహి సార్. అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవడు, కాగితం మీద ఉన్నదాన్ని చదువుతాడు, అంతే.

తలుపు దగ్గర నిలబడ్డ సుకాంత అంతా విన్నాడు. "మంచి మనిషిని తెచ్చి మీ చేతుల్లో పెట్టాను," అన్నాడు బిభూతితో. "మా నాన్నకి పదిహేడు కథలు నోటికొచ్చు. ఇప్పుడు ఆయనకి నెల పేరు తెలీదు. రాళ్ళు తీయమన్నాను గానీ బుర్ర తీయమన్నానా?"  సూపరింటెండెంటు గది ఎక్కడని వార్డు బాయ్‌ని అడిగి తెల్లకాగితం కొనుక్కోవడానికి వెళ్ళాడు.

కుంతల బిభూతిని పలకరించాలని వెళ్ళింది. సామాన్లు పెట్టే గదిలో అతను గొంతులోకి చూసే, పనికిరాని లారింగోస్కోపు బల్బుని విప్పుతూ, బిగిస్తూ కూర్చుని ఉన్నాడు. "ఆయన పాట మీరు విన్నారా దిదీ?" అన్నాడు తలెత్తకుండా. "నేను వినలేదు. మా నాన్న విన్నాడట, చిన్నప్పుడు. ఫోన్లో చెప్తే ఏడ్చాడు."

నాలుగు గంటలప్పుడు లోకనాథ్ తిరిగొచ్చాడు. కుంతల వార్డు నర్సు అడిగితే పదమూడో మంచం మనిషికి జ్వరం చూస్తోంది. లోకనాథ్ మెత్తటి అన్నంలో పెసరకట్టు కలిపి స్పూనుతో తినిపిస్తున్నాడు. కృపాసింధు ఒక చోట ఆగి, చెయ్యి గాల్లో తిప్పాడు.

"అది... అది కావాలి."

లోకనాథ్ మంచం అంచు మీద రెండు వేళ్ళు తట్టి, "నీ..." అన్నాడు.

"నీళ్ళు!"

కుంతల చేతిలో థర్మామీటరు అలాగే ఉండిపోయింది. పదమూడో మంచం మనిషి, "ఎంతుంది దిదీ?" అని రెండుసార్లు అడిగాడు. ఆమె చూసింది, అంకె కనపడలేదు. మోకాలి మీద తట్టిన వేళ్ళు, ఫా, గొ, మా, నవ్వులు, చరణం. ఇరవయ్యారు మార్కులు ఒక మనిషివి కావు. ఇద్దరివి.

గిన్నె కడగడానికి లోకనాథ్ కుళాయి దగ్గరికి వెళ్తే వెనకాలే వెళ్ళింది.

"మౌసా," అంది, బాబాయిని పిలిచినట్టు. "ఆయనకి మరుపు ఎప్పట్నించి?"

లోకనాథ్ గిన్నె తోమడం ఆపలేదు. "ఆపరేషన్ సేసినకాడ్నించి. డాక్టర్లే అన్నారు కదేటి."

"నేను అడిగేది మిమ్మల్ని."

నీళ్ళు పొంగి ఆయన కాళ్ళ మీద పడ్డాయి. కుళాయి కట్టేశాడు. సుకాంత దగ్గరలో లేడని చూసుకున్నాడు.

"మూడేళ్ళు," అన్నాడు. "మొదట పేర్లు. తర్వాత పాటలో ముక్కలు. అక్షరం అందిస్తే వచ్చేసేది తల్లీ. తర్వాత మాటంతా అందించాలి. తర్వాత చరణమే నేను ఎత్తుకునేవోణ్ణి, ఆయన వంత పాడేవోడు. జనానికి తెలీదు. ఇద్దరం ఒకే అంగీలేసుకుంటాం, గొంతులు కలిసిపోయినాయి."

"మరి సుకాంతకి చెప్పరేం? ఆ డాక్టరు కుర్రాణ్ణి..."

"సెప్పకు," అన్నాడు లోకనాథ్. తడిచెయ్యి ఆమె చేతి మీద పెట్టబోయి ఆగి, రెండు చేతులూ జోడించాడు. "చైత్రంలో పదకొండు ఊళ్ళు పిలిసినాయి. మందు వల్ల పోయిందంటే అయ్యో అంటారు, పీటేసి కూకోబెడతారు. దానంతటది పోయిందంటే పిచ్చోడంటారు. పిల్లలు ఎనకాల పడతారు. డాక్టరు బాబు సదువుకున్నోడు. ఆయనకి ఇంకోటి దొరుకుద్ది. మా వోడికి ఏటి దొరుకుద్ది?"

 ఆయన్ని తప్పుపట్టడానికి కుంతలకి అర్హత ఏముంది? ఆయన దాచింది స్నేహితుణ్ణి. ఆమె టిక్కు పెట్టింది ఊరికే, బరా చల్లారిపోతుందని.

సాయంత్రం స్కూటరు వెనక కూర్చుని అనాదికి చెప్పింది. సిల్కు దుకాణాల వీధిలో ఎద్దు అడ్డొచ్చి బండి ఆగింది.

"ఒక్క టిక్కే కదా," అన్నాడు అనాది. "కాగితం దగ్గరే ఉందిగా. గుట్టుగా మార్చెయ్."

"మారిస్తే ఇరవయ్యారు ఎక్కణ్ణించి వచ్చిందని అడుగుతారు."

"ఉద్యోగం పోతుందా?"

"ఈ ఉద్యోగం పోతుంది."

ఎద్దు కదల్లేదు. అనాది హారన్ కొట్టలేదు. "నువ్వు చెప్పకపోతే ఏమవుతుందో అది చూసుకో ముందు," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "పొద్దున్న నిన్ను గేటు దగ్గర దించేది నేను. నువ్వు మొహం మాడ్చుకుని దిగితే నాకు బడిలో పిల్లలకి పాఠం చెప్పడం రాదు." ఆమెకి నవ్వొచ్చింది, సగంలోనే ఆగిపోయింది. అతని వీపుకి నుదురు ఆనించి కూర్చుంది.

శనివారం పదిగంటలకి పాణిగ్రాహి సార్ గదిలో బిభూతి నిలబడి ఉన్నాడు. సుకాంత, అతని వెనక లోకనాథ్ కూడా ఉన్నారు. పిలవకపోయినా కుంతల లోపలికి వచ్చి నలభై ఒకటో ఫారం బల్ల మీద పెట్టింది.

"ఇందులో నేను పెట్టిన టిక్కు అబద్ధం సార్. సోమవారం ఆయన ఒంటరిగా లేరు. పక్కన లోకనాథ్ మౌసా ఉన్నారు. మొదటి అక్షరాలు అందించారు. ఆ ఇరవయ్యారు ఆయన మార్కులు కావు."

పాణిగ్రాహి సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీకు కనపడలేదా అందించడం?"

"కనపడింది సార్. బావుందనిపించింది."

"బావుంది," అన్నాడాయన, ఆ మాట రుచి చూస్తున్నట్టు. "మిగతా నలభై మందికి?"

"అందరూ ఒంటరిగానే ఉన్నారు సార్. ఇదొక్కటే."

"ఆ మాట నేను దేన్ని చూసి నమ్మాలి?"

 రెండేళ్ళుగా ఎంత ఎండలోనైనా, ఎంత జ్వరంలోనైనా ఆయన ఒక్క రోగినీ వదలకుండా చూడ్డం కుంతల ఎరుగును. ఆయన ఫారం మీద అడ్డంగా గీత కొట్టి సంతకం చేశాడు. ఆ గీత మొత్తం నలభై ఒక్క ఫారాల మీదా పడ్డట్టే ఉంది. "సోమవారం నుంచి నువ్వు వార్డులోకి వెళ్ళు. కాదు, ఇవాళే వెళ్ళు."

"ఇంతకీ ఏమిటి దీనర్థం?" అన్నాడు సుకాంత. "మీ ఫారం తప్పు. అయితే అయింది. కానీ మా నాన్న పోయిన నెలలో నాలుగు గంటలు పాడాడు. వేలమంది విన్నారు. అది కూడా ఫారమేనా?" వెనక్కి తిరిగాడు. "కాకా, నువ్వు చెప్పు. నాన్న బాగానే ఉన్నాడా, లేడా?"

గదిలో అందరూ లోకనాథ్‌కేసి చూశారు. ఆయన గుమ్మం చెక్కని వేలితో గీరుతున్నాడు.

"బాగానే ఉన్నాడు," అన్నాడు.

ఆ మాట విని బిభూతి తల ఒక్కసారి ఊపాడు, లెక్క సరిపోయినట్టు. అది చూసి కుంతల మూడేళ్ళ సంగతి చెప్పబోయి, కుళాయి దగ్గర జోడించిన చేతులు గుర్తొచ్చి ఆగింది. తను మోయాల్సింది తను ఎత్తుకుంది. అతని మీద ఉన్నది మాత్రం అణువంతైనా కదల్లేదు.

మధ్యాహ్నం కుంతల మామూలు వార్డు నర్సు. తెల్లగౌను అదే, పని వేరు. పన్నెండో మంచానికి కట్టు మార్చి, పద్నాలుగో మంచం దగ్గర సెలైను సీసా తీస్తోంది. పొద్దున ప్లాస్టరు వేసుకోవడం మర్చిపోయింది. గాజులు మణికట్టు దాకా జారి గలగలమన్నాయి. ఎవరూ ఏమనలేదు. సుకాంత స్టూలు మీద కూర్చుని కాగితం తొడమీద పెట్టుకుని ఫిర్యాదు రాస్తున్నాడు. మూడో పేజీ. లోకనాథ్ కింద గచ్చు మీద మోకాళ్ళు కావలించుకుని కూర్చున్నాడు.

బిభూతి తెల్లకోటు లేకుండా వచ్చాడు. మామూలు చొక్కాలో ఇంకా చిన్నవాడిలా ఉన్నాడు. మంచం చివర నిలబడి కృపాసింధు పాదాలు ముట్టుకున్నాడు.

"అజా, కమిటీ ఏం రాసినా సరే. ఆ ఆరు నిమిషాలూ నా చేతిలో జరిగాయి. గొంతుకి ఏమీ కాదని మీకు మాటిచ్చాను. గొంతు ఒక్కటే చూసుకున్నాను. తప్పయిపోయింది."

కృపాసింధు అతని తలమీద చెయ్యి వేశాడు. "ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు ఆప్యాయంగా. "అన్నం తిన్నావా?"

సుకాంత కలం ఆగింది. అతను కోపంగా ఏదో అనబోయి, కుర్రాడి మెడ వెనక చెమట చూసి మానుకున్నాడు.

లోకనాథ్ లేచాడు. గచ్చు మీద చెయ్యి ఆనించి, రెండు విడతలుగా లేచాడు.

"సుకాంతా, ఆ నాలుగు గంటలూ పాడింది మీ నాన్న కాదురా."

"ఏంటి కాకా?"

"నేను పాడినాను. ఆయన వంత. ఆయనకి మరుపొచ్చి మూడేళ్ళయింది. పొద్దున డాక్టరు ముందు అబద్ధమాడినాను." ఆయన గొంతు మామూలుగా ఉంది, చేతులు మాత్రం అంగీ అంచుని పట్టుకున్నాయి. "రెండేళ్ళ కిందట రంభ ఊళ్ళో మీ నాన్న రాముడి పెళ్ళి మొదలెట్టి రావణుడి సావులో తేలినాడు. నేను ఏదో యాస్యం సేసి మళ్ళించినాను. జనం పడి పడి నవ్వినారు. నాకు మాత్రం ఆ వేళ చిడతలు సేతిలో నిలవలేదు."

సుకాంత కలానికి మూత పెట్టాడు. "మూడేళ్ళు," అన్నాడు. "నేను ఇంట్లో మనిషిని కానా? నాకు ఒక్కమాట చెప్పలేదు నువ్వు. అమ్మకైనా తెలుసా?"

"నాకు ముందు సెప్పింది మీ అమ్మే. ఊళ్ళో పరువు పోకుండా సూడు మరిదీ అంది."

సుకాంత మూడు పేజీలనీ నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చింపలేదు. ఇంటికి ఫోను చేస్తానని వరండాలోకి వెళ్ళాడు. కిటికీ అద్దంలోంచి అతని వీపు కనిపిస్తోంది. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు గానీ మాట్లాడుతున్నట్టు లేదు.

కుంతల బిభూతి ముఖంలోకి చూసింది. గండం గడిచిన మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆమె రోజూ రికవరీ గదిలో చూస్తుంది. అది కనపడలేదు.

"ఇక మీ తప్పేం లేదు డాక్టర్," అంది మెల్లగా. "పాణిగ్రాహి సార్‌కి నేను చెప్తాను, మౌసా చెప్తారు."

"చెప్పండి. థియేటర్లోకి రానిస్తారు." అతను ఖాళీ సెలైను సీసాని ఆమె చేతిలోంచి తీసుకుని ఊరికే తిప్పాడు. "ఇందాకటిదాకా అంతా నా వల్లే పోయిందనుకున్నాను దిదీ. కనీసం అదొకటి తెలుసు. ఇప్పుడు అదీ తెలీదు. ముందు ఎంత ఉందో కొలిచినవాళ్ళు లేరు. ఆ ఆరు నిమిషాల్లో ఎంత పోయింది, అంతకుముందే ఎంత పోయింది? ఎవరు చెప్తారు?"

ఆమె వేళ్ళు సెలైను గొట్టానికి చుట్టుకున్నాయి. క్షమించమని అడగడానికి నోరు తెరిచింది. ఆ మాట చిన్నదిగా తోచి ఊరుకుంది. టిక్కు గురించి నిన్నటి నుంచీ అది అతని మీద నింద వేసిందని బాధపడింది. అది మింగేసింది ముందు ఎంత ఉందో చెప్పే అసలు అంకెనని ఇప్పుడే తెలిసింది.

బిభూతి స్టూలు లాక్కుని లోకనాథ్ ఎదురుగా కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి కొత్త పేజీ తిప్పాడు.

"కాకా, చెప్పగలిగినవాళ్ళు మీరొక్కరే. ఏది ఎప్పుడు పోయిందో వరసగా చెప్పండి. తొందర లేదు. నా గురించి ఆలోచించొద్దు, ఆయన గురించి ఆలోచించొద్దు. ఉన్నది చెప్పండి."

లోకనాథ్ మంచం మీది మనిషికేసి చూశాడు. కృపాసింధు కిటికీలో వాలిన పావురాన్ని చూస్తున్నాడు.

"మొదట పోయింది కళ్ళికోట రాజుగారి పేరు," అన్నాడు లోకనాథ్. "మూడేళ్ళ కిందట, దసరాలో. తర్వాత అంకెలు. బస్సెక్కితే ఎక్కడ దిగాలో నన్నడిగేవోడు. కథల్లో ముందు సిన్నయి పోయినాయి, పెద్దయి నిలిసినాయి. పోయినేడు వానాకాలంలో సొంత ఇంటి సందు దాటి ముందుకెళ్ళిపోయినాడు రెండుమాట్లు. వంటలన్నీ ఒకే పేరుతో పిలిసేవోడు." ఒక్కొక్కటీ చెప్తూ వేళ్ళు ముడుస్తున్నాడు. బిభూతి రాస్తున్నాడు, మధ్యలో నెల అడుగుతున్నాడు, ఆయనకి తోచకపోతే ఆ చోటు ఖాళీగా వదిలేస్తున్నాడు. పేజీ సగం నిండింది.

"మనుషుల పేర్లు?"

"సుట్టాలయి పోయినాయి. మనవళ్ళయి కలిపేసేవోడు."

"మీ పేరు?"

 లోకనాథ్ ముడిచిన వేళ్ళు ఒకసారి విప్పుకుని చూసుకున్నాడు.

"ఆపరేషన్‌కి ముందు అది పోలేదు బాబూ. ఎంత సీకట్లోనైనా లోకా అని పిలిసేవోడు. సోమవారం రాత్రి కూడా పిలిసినాడు." తల దించుకున్నాడు. "అది మాత్రం ఈ నాలుగు రోజుల్లోనే పోయింది."

బిభూతి కలం ఆగింది.  కాసేపటికి అతను ఆ మాట కూడా మిగతావాటి కిందే, అదే అక్షరాల్లో రాశాడు. పక్కన తారీకు వేశాడు.